నల్లపూసల పిట్ట

మా మౌలా పరుగు చూసి తీరవలసిందే. మనిషిని చూస్తే గాలికి పడిపోయేలా ఉంటాడు. గడ్డంలో ఎప్పుడూ దూదిపోగులు. సూళ్లూరుపేట బజారులో పరుపులూ బొంతలూ కుట్టే దూదేకుల మౌలా అంటే తెలియనివాళ్ళు లేరు. ఎవరింట్లో పెళ్ళి కుదిరినా ముందు పురోహితుడికి, ఆ తరవాత మౌలాకు కబురు పోయేది. కానీ నేను చెప్పే పరుగు పరుపుల కోసం కాదు, పిట్టల కోసం.

ఆ రోజుల్లో మా ఊళ్ళో చెప్పుకోదగ్గ తుపాకులు డాక్టర్ సంజీవరావు గారికీ, చెంచురామయ్యకూ ఉండేవి. డాక్టరు గారు మాట తక్కువ మనిషి. చెంచురామయ్య వరిపొలాలున్న ఆసామి, నోరూ ముక్కుపొడుమూ రెండూ ఆగవు. నేను స్టేషన్లో గూడ్సు గుమాస్తాని, గంగాధరాన్ని. నాకు తుపాకీ లేదు, పేల్చే ధైర్యమూ లేదు. ఆదివారం ఇంట్లో ఉంటే మా ఆవిడ కామాక్షమ్మ బియ్యంలో రాళ్ళు ఏరమంటుందని వాళ్ళ వెంట పోయేవాణ్ణి.

చలికాలం వచ్చిందంటే పులికాట్ సరస్సు మీద బాతులు దిగేవి. వీళ్ళు కొట్టేవాళ్ళు. పడినవాటిలో సగం నాయుడుపేట సాయిబుల ఇళ్ళకు పోయేవి. వాళ్ళు తినాలంటే పిట్టకు ప్రాణం ఉండగానే అల్లా పేరు చెప్పి గొంతు మీద కత్తి పెట్టాలి. చచ్చాక కోస్తే పనికిరాదు. గుండు దెబ్బ తిన్న పిట్ట ఎంతసేపు బతుకుతుంది? అందుకని మౌలా. తుపాకీ ఢామ్మనగానే చెప్పులు అక్కడే వదిలేసి, లుంగీ ఎగ్గట్టి, కత్తి పుచ్చుకుని బురదనక, ముళ్ళనక, మోకాటిలోతు నీళ్ళనక పరిగెత్తేవాడు. దూరం నుంచి "బిస్మిల్లా" అన్న కేక వినపడితే, "దక్కింది" అనేవాడు చెంచురామయ్య. వినపడకపోతే ఆ బాతు చెంచురామయ్య ఇంటి పొయ్యి మీదికే.

పడినదాని వైపు పరిగెత్తడం మౌలాకు పని మాత్రమే కాదు, పుట్టుబుద్ధి. బజారులో ఎవరి సైకిలు పడినా, ఎవరి తలమీది గంప జారినా దూది ఏకే విల్లు పక్కన పడేసి లేచేవాడు. ఇంకో బుద్ధి కూడా ఉండేది. "కాదు" అనే మాట అతని నోట పుట్టలేదు. అందులోనూ అన్న దగ్గర. అన్న అబ్దుల్ రజాక్ గారు నాయుడుపేటలో తోళ్ళ వ్యాపారం చేసేవారు. తండ్రి కలరాతో పోతే తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచి, పని నేర్పించి, పెళ్ళి చేసిన మనిషి. ఆయన ఎదుట మౌలా కూర్చోగా నేను చూడలేదు. "అన్న చెప్పినాడు" అన్నాడంటే ఇక ఆ విషయం మీద మాటల్లేవు.

ఆ అన్నే మౌలా కూతురు రషీదాను తన కొడుకు షావలికి చేసుకుంటానన్నారు. పిల్ల ఫిఫ్తు ఫారానికి వచ్చింది. చదువు చాలు, నిఖా చేసేద్దాం అని ఆయన మాట. సరే అన్నా, అని మౌలా మాట. కానీ ఏ ముహూర్తమూ నిలవలేదు. ఎందుకంటే మౌలా భార్య ఆమినాబీకి మూర్ఛ జబ్బు పట్టుకుంది. పాపం, నిలుచున్న మనిషి నిలుచున్నట్టే కూలిపోయేది. చెంబు ఒకవైపు, మనిషి ఒకవైపు. మౌలా పరిగెత్తుకొచ్చి ముఖాన నీళ్ళు కొట్టి, ముక్కు దగ్గర ఉల్లిపాయ నలిపి, చేతిలో ఇనప తాళాలు పెట్టి నానా హైరానా పడేవాడు. డాక్టరు గారు ఎర్ర మందు సీసా పంపేవారు. వచ్చిన అన్న గారు ఉసూరుమంటూ, "మరదలు బాగుపడనీలే" అని బస్సెక్కి పోయేవారు. వాళ్ళ ఇల్లు మా ఇంటికి ఎదురే కాబట్టి ఇదంతా నా కళ్ళ ముందే. ఎంత మంచి ఇల్లాలికి ఎంత పాడు జబ్బు పెట్టాడు దేవుడు అని నేను కామాక్షమ్మతో అంటే, ఆమె "అవును" అని లోపలికి పోయేది.

ఇంతలో చైనా యుద్ధం వచ్చింది. బియ్యం దొరక్కపోయినా, కిరసనాయిలు దొరక్కపోయినా చెంచురామయ్య పట్టించుకోలేదు గానీ, తూటాలు నల్లపూస అయిపోయేసరికి దేశం మునిగిపోయినట్టు కూర్చున్నాడు. మద్రాసు నుంచి తెప్పిద్దామన్నా లేవు. ఆ చలికాలం బాతులు మా నెత్తిమీద నుంచి నవ్వుకుంటూ పోయాయి. అయినా ఆదివారం తెల్లారేసరికి కాళ్ళు ఊరుకోవు కదా. చెంచురామయ్య ఎడ్లబండిలో ఎండుగడ్డి పరిచి, ఇడ్లీలు కట్టించుకుని, తుపాకులు లేకుండానే సరస్సు ఒడ్డున అటకానితిప్ప వైపు పోవడం మొదలుపెట్టాం. డాక్టరు గారి దగ్గర దుర్భిణి ఒకటి ఉండేది. దాన్ని వంతులవారీగా కళ్ళకు పెట్టుకుని, కొట్టలేని పిట్టల్ని చూస్తూ కూర్చునేవాళ్ళం.

ఊరంతా నవ్వింది. "పిట్టల్ని చూసేదానికి పోతుండారంట! చూస్తే కూరవుద్దా?" అని మా స్టేషన్ మాస్టరే అన్నాడు. నాకు ఒళ్ళు మండింది గానీ నిజం చెప్పొద్దూ, ఇన్నేళ్ళూ మేం పిట్టను పిట్టగా చూడలేదు. పడిన తరవాతే చూశాం. బతికున్న పిట్ట ఎంత పని చేస్తుందో, ఎంత తగువులాడుతుందో, ఎంత సోకు చేసుకుంటుందో చూస్తే మతిపోయేది. అందరికన్నా మతిపోయినవాడు మౌలా. దుర్భిణి అతని చేతికి వెళ్ళిందంటే గుంజుకోవాల్సి వచ్చేది. పాత అలవాటు కొద్దీ కత్తి మాత్రం నడుముకు ఉండేది.

అరవై మూడు ఎండాకాలం అది. సరస్సు నీళ్ళు లోపలికి జరిగి, మైళ్ళకొద్దీ ఒండ్రు ఎండి పెళ్ళలు పెళ్ళలుగా పగిలింది. అక్కడక్కడా ఉప్పు తెల్లగా పేరుకుంది. మేం బండి ఆపి దిగి నాలుగడుగులు వేశామో లేదో, మా ముందు నుంచి ఒక పిట్ట లేచింది. నేను ఎన్నడూ చూడనిది. పావురం కంటే చిన్నది. ఒళ్ళంతా ఎండిన ఒండ్రు రంగు, తోక రెండుగా చీలి ఉంది. గొంతు మాత్రం లేత పసుపు. ఆ గొంతు చుట్టూ సన్నగా నల్లటి గీత.

"నల్లపూసలు వేసుకునుండాదే!" అన్నాడు చెంచురామయ్య.

డాక్టరు గారు తన ఇంగ్లీషు పుస్తకం తిరగేసి ఏదో పేరు చదివారు. అది మా నాలుకలకు ఎక్కలేదు. ఇటువైపు ఎప్పుడో గానీ కనపడదట. ఇంకేం, కనపడ్డమే నల్లపూస, మెళ్ళో నల్లపూసలు. నల్లపూసల పిట్ట అని పేరు పెట్టేశాం.

ఆ పిట్ట అరుచుకుంటూ మా మీద ఒక చుట్టు తిరిగింది. తిరిగి, ఉన్నట్టుండి దబ్బున నేల మీద పడింది. ఒక రెక్క విరిగి గాలివానకు తిరగబడిన గొడుగులా వేలాడుతోంది. ఇంకో రెక్కతో నేలను కొట్టుకుంటూ పొర్లుతోంది. ఎవరూ కొట్టలేదు, గద్ద తన్నలేదు, ఏమైంది దీనికి?

మేం ఇంకా నోరు తెరుచుకుని చూస్తుండగానే మౌలా చెప్పులు వదిలేశాడు. తుపాకీ పేలలేదన్న సంగతి అతని కాళ్ళకు తెలియదు. లుంగీ ఎగ్గట్టి, కత్తి తీసి, పగిలిన పెళ్ళల మీద దడదడమంటూ పోయాడు. పిట్ట ఈడ్చుకుంటూ కొంచెం ముందుకు జరిగింది. మౌలా వంగాడు. మళ్ళీ జరిగింది. "పాపం, పాపం, ఉండమ్మా, ఒక్క నిమిషంలో నీ బాధ తీరిపోతాది" అంటూ వెంటపడ్డాడు. చెయ్యి చాచాడు. నేను దూరం నుంచే చూస్తున్నాను, వేళ్ళు రెక్కను ముట్టుకున్నాయో లేదో అన్నంత దగ్గర. "బిస్మి..." అన్నాడు.

పిట్ట లేచిపోయింది.

ఒక రెక్క కాదు, రెండు రెక్కలూ. ఏ దెబ్బా లేదు, ఏదీ విరగలేదు. మిలమిలా మెరుస్తూ ఆకాశంలోకి దూసుకుపోయింది. మౌలా వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. చేతిలో కత్తి జారి ఒండ్రు మీద టంగుమంది. చెంచురామయ్య చేతిలో పొడుం చేతిలోనే ఉంది. అతను నోరు మూసుకుని ఉండగా నేను చూడ్డం అదే మొదటిసారి.

మౌలా తిరిగొచ్చేసరికి ముఖం పాలిపోయింది. "అది చావడానికి సిద్ధంగా ఉన్న పిట్ట సార్. నా చేతులకు తెలీదా? ఎన్ని పిట్టల్ని పట్టుకోలేదు? నోట్లో దేవుడి పేరు ఉండగా మోసం చేసిందే!" అన్నాడు. ఏడుపు గొంతు. నాకు నవ్వు రావలసింది గానీ రాలేదు.

ఆ వారమంతా అతను దూది సరిగా ఏకలేదు. పరుపు కుట్టమంటే దిండు కుట్టి ఇచ్చాడట ఎవరికో. తరువాతి ఆదివారం అందరికంటే ముందు బండి దగ్గర తయారుగా ఉన్నాడు. నాకు బండి కుదుపులకు నడుం పట్టేస్తోందని ఆ రోజు సైకిలు మీద బయల్దేరాను. ఆ సైకిలు తెచ్చుకోబట్టే సరిపోయింది, ఎందుకో తరవాత చెబుతాను.

ఈసారి డాక్టరు గారు ఎవర్నీ దిగనివ్వలేదు. ఎడ్లను చూసి పిట్టలు బెదరవు, బండిలోంచే చూద్దామన్నారు. చూశాం. ఎండ ఎక్కేకొద్దీ నేల పెనంలా కాలుతోంది. మా నల్లపూసల పిట్ట నీళ్ళ దాకా ఎగిరిపోయింది. పొట్ట మునిగేలా నీళ్ళలో కూర్చుంది. లేచి, తడి పొట్టతో వెనక్కి వచ్చి, ఎండు ఒండ్రులో ఒకచోట మెల్లగా కూలబడింది. దుర్భిణిలోంచి చూస్తే అక్కడ గేదె గిట్ట దిగిన గుంట. గుంటలో రెండు గుడ్లు, మట్టిబెడ్డల మధ్య మట్టిబెడ్డల్లా.

"గుడ్లు ఉడికిపోకుండా నీళ్ళు మోస్తుండాదయ్యా!" అన్నాడు చెంచురామయ్య. "నా కోడలు బిడ్డకు నీళ్ళు పొయ్యమంటే నడుం నొప్పంటాది."

డాక్టరు గారు నావైపు తిరిగి, "గంగాధరం, దిగి ఆ గుంట వైపు నడవండి" అన్నారు.

నేను నడిచాను. పిట్ట లేచి, నా పక్కకు వచ్చి, దబ్బున పడి పొర్లింది. "ఇప్పుడు అటు తిరగండి" అని కేక. తిరిగాను. పిట్ట లేచి నిక్షేపంగా నిలబడి రెక్కలు సర్దుకుంది. మళ్ళీ గుంట వైపు తిరిగాను. మళ్ళీ పడింది. ఈసారి ఇంకా దగ్గరగా, నా కాలికి తగిలేంత దగ్గరగా. నోరు తెరిచి రొప్పుతోంది. నాటకమని తెలిసి కూడా నా కాలు ముందుకు పడలేదు. నేను అడుగు వేస్తే అంతే సంగతులు, అయినా వచ్చి కాలి దగ్గర పడిందే!

బండి దగ్గరికి వచ్చేసరికి డాక్టరు గారు చెబుతున్నారు. "చూశావా మౌలా? దానికి జబ్బేం లేదు. మనం ఎటు పోతున్నామో అదే దాని జబ్బు. గూడు వైపు పోతే పడుతుంది. మనం మళ్ళిపోతే బాగవుతుంది."

మౌలా దుర్భిణి కిందికి దించాడు. ఎండలో కూర్చున్న మనిషి చేతుల మీద చలిపట్టినట్టు రోమాలు లేచాయి.

"డాక్టరు గారూ," అన్నాడు చివరికి, "మా ఇంటిదానికి మీరిచ్చే ఎర్ర మందు, అది ఏం మందు?"

డాక్టరు గారు కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడిచారు. మళ్ళీ తుడిచారు. "రంగు కలిపిన చక్కెర నీళ్ళు" అన్నారు.

చక్కెర నీళ్ళా? ఆ సీసాలు స్వయంగా నేనే ఎన్నిసార్లు తెచ్చివ్వలేదు! ఆమినాబీ పడిన రోజులన్నీ ఒక్కసారిగా నా కళ్ళ ముందు తిరిగాయి. పోయిన బక్రీదు ముందు పడింది. అంతకు ముందు, రషీదాకు చీరె కొనుక్కొచ్చిన రోజున పడింది. ఆ ముందు, ముహూర్తం పెట్టించుకొచ్చిన రోజున. ప్రతిసారీ గుమ్మంలో అబ్దుల్ రజాక్ గారి చెప్పుల జత ఉంది. ఇంత బుర్ర ఉండి, నెల్లూరు సరుకు గూడూరుకు పోకుండా చూసే నేను, ఎదురింట్లో ఏం జరుగుతుందో చూడలేదు!

"ప్రతిసారీ పరిగెత్తినా సార్," అన్నాడు మౌలా. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. "నాకే. నాకే పడతా ఉండాది. నేను అన్నకు సరే అన్న ప్రతిసారీ నా కాళ్ళ దగ్గర పడతా ఉండాది."



అప్పుడు మౌలా ఉలిక్కిపడి లేచాడు. "ఇవాళ అన్న వస్తాడు! మొహర్రం వస్తే నిఖాలు కుదరవు, ఈలోపలే చేసేద్దాం, ముందు మరదలి జబ్బు సంగతి తేలుద్దామన్నాడు. చురకలు పెట్టే ఆయన్ని వెంటబెట్టుకొస్తానన్నాడు. నేను..." అని ఆగిపోయాడు. ఆ తరవాత మాట మాకు చెప్పనక్కర్లేదు. సరే అన్నా అని ఉంటాడు.

మా వైపు మూర్ఛకు అదొక మందు. పసుపు కొమ్మును నిప్పుల్లో ఎర్రగా కాల్చి మణికట్టు మీదో నుదుటి మీదో అంటిస్తారు. ఉలిక్కిపడి లేస్తే జబ్బు వదిలినట్టు.

మౌలా బండి మీంచి దూకాడు. ఏ పిట్టా పడలేదు, ఏ తుపాకీ పేలలేదు, అయినా అలాంటి పరుగు నేను మళ్ళీ చూడలేదు. పగిలిన ఒండ్రు మీద పడి లేచి, పడి లేచి పోతున్నాడు. నేను సైకిలెక్కి వెంటపడి, రోడ్డెక్కే చోట అందుకుని వెనక కూర్చోమన్నాను. ఆ ఎండలో, ఆ గుంటల రోడ్డులో, బక్కమనిషే అయినా వెనకాల మనిషిని వేసుకుని తొక్కడం నా జన్మకు చాలు. అతను నా చొక్కా పట్టుకుని "తొక్కు సార్, తొక్కు సార్" అంటూనే ఉన్నాడు.

వీధి మొగలోకి వచ్చేసరికే కాలిన పసుపు వాసన తగిలింది.

వాకిట్లో జనం. మా కామాక్షమ్మ గుమ్మాన్ని పట్టుకుని నిలబడి ఉంది, ముఖంలో నెత్తుటి చుక్క లేదు. లోపల చాప మీద ఆమినాబీ కళ్ళు మూసుకుని పడి ఉంది. మెళ్ళో నల్లపూసలు పక్కకు జారాయి. రజాక్ గారు మంచం అంచున కూర్చుని చేతులు నలుపుకుంటున్నారు. ఆయన రాక్షసుడేం కాదు. మరదలు బాగుపడాలనే వచ్చారు, కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి. చురకలు పెట్టే ముసలాయన నిప్పుల కుంపటి ముందు గొంతుకూర్చుని ఉన్నాడు. లోపలి గది తలుపు వేసి ఉంది, వెనక నుంచి రషీదా ఏడుపు వినపడుతోంది.

ఆమినాబీ ఎడమ మణికట్టు మీద తోలు లేచిపోయి ఎర్రగా ఉంది. ఒక చురక అప్పటికే పెట్టేశాడు!

"ఒకటికి కదల్లా," అన్నాడు ముసలాయన రజాక్ గారితో. "ముదిరిపోయిన జబ్బు. నుదుటి మీద పెట్టాల."

నిజంగా మూర్ఛ వచ్చిన మనిషైతే లేచేది. మెలకువగా ఉన్న మనిషి గనకే లేవలేదు! నేను కిందికి చూశాను. ఆమె కాలి బొటనవేలు చాప అంచును ముడిచి పట్టుకుని ఉంది. అంతే, ఒంట్లో ఇంకెక్కడా కదలిక లేదు. మౌలా కూడా అటే చూస్తున్నాడు.

ఇప్పుడు ఏం చెబుతాడు? ఇది నాటకం, ఆపండి అంటే నిప్పు ఆగుతుంది. కానీ ఆమె ఇన్నాళ్ళు పడిందంతా వృథా, పిల్ల నిఖా మొహర్రం లోపలే. చెప్పకపోతే నుదురు కాలుతుంది. ముసలాయన పట్టకారుతో పసుపు కొమ్ము తీసి ఊదాడు. నిప్పురవ్వలు లేచాయి.

మౌలా పోయి చాపకూ ఆ ముసలాయనకూ మధ్య కూర్చున్నాడు. అన్న ఎదుట కూర్చున్నాడు.

"అన్నా, రషీదా చదువుకుంటాది. షావలికి వేరే పిల్లను చూడు."

రజాక్ గారికి అర్థం కాలేదు. "మరదలు ఇట్టా పడుండాది, ఇప్పుడు ఆ మాటేందిరా? ముందు జబ్బు సంగతి చూడనీ."

"జబ్బు సంగతే చెప్తుండా. దీనికి మందు అదే."

"అంటే? నా ఇంటికి పిల్లనియ్యవా?"

"కాదు అంటుండా అన్నా." మౌలా చాప ముందు నుంచి కదల్లేదు. "నువ్వు పెంచినావు. నా తోలు వలిచి చెప్పులు కుట్టిస్తా నీకు. పిల్లను మాత్రం ఇప్పుడు ఇయ్యను."

రజాక్ గారు కొట్టినట్టు వెనక్కి తూలారు. ఆయన ముఖంలో కోపం కంటే ముందు నివ్వెరపాటు కనిపించింది, తను కట్టిన గోడ లేచి మాట్లాడినట్టు. తమ్ముణ్ణి చూశారు, చాప మీద మరదల్ని చూశారు, ఆమె మణికట్టు మీది కాలిన చోటును చాలాసేపు చూశారు. ఆయనకు ఎంత అర్థమైందో నాకు తెలియదు. "నీ నోట ఆ మాట వింటాననుకోలా మౌలా" అని మాత్రం అన్నారు. ముసలాయన్ని లేవమని సైగ చేసి, తలపాగా సర్దుకుని బయటికి వెళ్ళిపోయారు. ఆ తరవాత రెండు రంజాన్లు వాళ్ళింటికి రాలేదు.

ఆమినాబీ అప్పుడు కూడా కళ్ళు తెరవలేదు. ఆయన చెప్పుల చప్పుడు వాకిలి దాటింది, వీధిలో నడిచింది, మలుపు తిరిగింది. అది వినపడకుండా పోయాకే రెప్పలు విప్పింది. మొదట చూసింది మొగుణ్ణి కాదు, కాలిన చేతిని కాదు. లోపలి గది తలుపును చూసింది.

"ఉండాదిలే," అన్నాడు మౌలా. "లోపలే ఉండాది. నువ్వింక పడమాక."

"నీకెప్పుడు తెలిసింది?"

"ఇవాళే."

"ఇన్నాళ్ళ తరవాతా?" అని, అంతసేపూ నిప్పుకు కూడా కదలని మనిషి బావురుమంది. మౌలా ఆ మణికట్టు పట్టుకుని ఊదుతూ, "నోటితో చెప్పొచ్చు కదే నాతో, నోటితో చెప్పొచ్చు కదే" అంటున్నాడు.

"చెప్తే మీ అన్నకూ నాకూ మధ్య నలిగిపోతావు. పడితే పరిగెత్తుకొస్తావు." ఆమె ముక్కు తుడుచుకుంది. "దానికి చదువంటే ఇష్టం. అది చదువుతా ఉంటే చూడ్డం నాకిష్టం. ఇంకేం లేదయ్యా."

నేను కళ్ళు తుడుచుకుంటూ బయటికి వచ్చి, "చూశావుటే, ఆ మూర్ఛంతా..." అన్నాను కామాక్షమ్మతో.

"వీధిలో ఆడవాళ్ళందరికీ తెలుసు" అంది ఆమె. "పోయి స్నానం చెయ్యండి, ఒళ్ళంతా ఒండ్రు."

ఆ ఆదివారం నుంచి మౌలా నడుముకు కత్తి లేదు. తూటాలు మళ్ళీ వచ్చాక కూడా డాక్టరు గారి తుపాకీ గోడకే ఉండిపోయింది. చెంచురామయ్య ఒక్కడే కొన్నాళ్ళు కొట్టాడు గానీ, పరిగెత్తే మనిషి లేక అతనికీ రుచి పోయింది. రషీదా ఎస్సెల్సీ పరీక్షకు కూర్చుంది.

మరుసటి ఎండాకాలం నల్లపూసల పిట్టలు మళ్ళీ వచ్చాయి. ఇంత కథకూ కారణమైన పిట్టను ఆమినాబీకి చూపించాల్సిందేనని మౌలా పట్టుబట్టాడు. బండిలో ఆడవాళ్ళు, వెనక మేము, తిరనాళ్ళకు పోయినట్టు పోయాం. చెంచురామయ్య దారి పొడుగునా ఆమినాబీని ఆటపట్టిస్తూనే ఉన్నాడు. "నీకు గురువును చూపిస్తాం పదమ్మా, నీకంటే బాగా పడతాది." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. మణికట్టు మీద మచ్చ గాజుల మధ్య కనిపిస్తోంది.

అందరం దిగి గూడున్న వైపు నడిచాం. పిట్ట లేచింది, చుట్టు తిరిగింది, దబ్బున పడింది. రెక్క ఈడ్చుకుంటూ పొర్లింది. "ఆహా, ఏం నటన!" అన్నాడు చెంచురామయ్య. మేం నవ్వాం. రషీదా చప్పట్లు కొట్టింది. ఇంకా దగ్గరగా చూద్దామని ఇంకో అడుగు వేశాం. పిట్ట ఇంకా దగ్గరికి వచ్చి, నోరు తెరిచి రొప్పుతూ, మా కాళ్ళ ముందు పడింది.

ఆమినాబీ ముఖంలో నవ్వు పోయింది. బిగుసుకుపోయి దాన్నే చూసింది. కుడి చేత్తో ఎడమ మణికట్టును గట్టిగా పట్టుకుంది.

"వెనక్కి రాండి," అంది. మెల్లగా అంది గానీ మేం అందరం ఆగిపోయాం. "ఇంకెంతసేపు పడేస్తారు దాన్ని? మీరు పోతే కదా అది లేచేది. వెనక్కి రాండి."

మేం వెనక్కి తిరిగి బండి దాకా నడిచాం. మౌలా అందరికంటే ముందు నడిచాడు.